గన్నేరు: పెంపకం, సంరక్షణ, తప్పనిసరి జాగ్రత్తలు

భారత ఉపఖండంలో దాదాపు ప్రతి ప్రాంతానికీ పరిచయమైన పూలపొద గన్నేరు. ఆలయ ప్రాంగణాల్లో, ఇళ్ల ముంగిళ్లలో, ఉద్యానాల్లో, జాతీయ రహదారుల మధ్య విభాజకాలపై ఇది విరివిగా కనిపిస్తుంది. మండుటెండను, నీటి ఎద్దడిని, వాహనాల పొగను, దుమ్మును తట్టుకుని ఏడాదిలో అధికకాలం పూస్తుంది. ఇంత తక్కువ శ్రమతో ఇన్ని పూలు ఇచ్చే పొదలు అరుదు.

అయితే గన్నేరులో విషం లేని భాగం లేదు. ఆకు, పువ్వు, కొమ్మ, బెరడు, వేరు, విత్తనం, గిల్లితే కారే రసం అన్నీ విషపూరితమే. పెంపకం సులభం కావడంతో ఈ విషయం తరచుగా మరుగున పడుతోంది. మొక్కను ఎక్కడ నాటాలి, కత్తిరించిన కొమ్మలను ఏం చేయాలి, పూలను ఎక్కడ వాడకూడదు అన్న ప్రశ్నలకు సమాధానం తెలిసిన తరువాతనే దీనిని ఇంటికి తెచ్చుకోవడం ఉచితం.

పేర్లు, పోలికలు

గన్నేరు శాస్త్రీయ నామం నీరియం ఓలియాండర్. స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ 1753లో ఈ పేరును స్థిరపరిచాడు. నీరియం ప్రజాతిలో ఉన్నది ఈ ఒక్క జాతి మాత్రమే. మధ్యధరా సముద్ర తీరం నుంచి పశ్చిమాసియా, భారత ఉపఖండం మీదుగా చైనా వరకు ఇది సహజంగా పెరుగుతుంది. వాగుల ఒడ్డున, రాళ్ల నడుమ పెరగడం దాని స్వభావం.

సంస్కృతంలో దీనిని కరవీరం అంటారు. అశ్వమారకం, హయమారకం అన్న పేర్లు కూడా ఉన్నాయి. గుర్రాన్ని చంపేది అని వాటి అర్థం. దీని విషం సంగతి పూర్వికులకు స్పష్టంగా తెలుసుననడానికి ఆ పేర్లే ఆధారం. హిందీలో కనేర్, తమిళ మలయాళ భాషల్లో అరళి, కన్నడంలో కణగిలె, బెంగాలీలో కరబి అని పిలుస్తారు. రవీంద్రనాథ్ ఠాగూర్ రచించిన ప్రసిద్ధ నాటకం 'రక్తకరబి' పేరుకు ఎర్ర గన్నేరు అని అర్థం.

తెలుగులో గన్నేరు అన్న మాట వేర్వేరు మొక్కల పేర్లలో చేరి ఉంది. అందువల్ల పొరపాటు పడే అవకాశం ఎక్కువ. ఎరుపు, గులాబి, తెలుపు రంగుల్లో గుత్తులుగా పూసే పొద అసలు గన్నేరు. పసుపు రంగులో గంట ఆకారపు పూలు పూసేది పచ్చగన్నేరు. ఇది మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల నుంచి వచ్చిన వేరొక మొక్క. దీని శాస్త్రీయ నామం కాస్కబెలా థెవేటియా. గన్నేరులో ఉన్నటువంటి గుండె విషాలే దీనిలోనూ ఉన్నాయి. లావుపాటి కొమ్మలతో, సువాసన గల తెల్లని పూలతో గుడి ఆవరణల్లో పెరిగే చెట్టు దేవగన్నేరు. నేలమీద చిన్న మొక్కగా పెరిగేది బిళ్ళగన్నేరు. క్యాన్సర్ చికిత్సలో వాడే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ మందులకు మూలం ఈ బిళ్ళగన్నేరే. నాలుగూ అపోసైనేసి కుటుంబానికి చెందినవైనా గుణాలు ఒకటి కావు. ఒకదాని గురించి విన్న వైద్యపు మాటను మరొకదానికి అన్వయించడం ప్రమాదకరం.

స్వరూపం

గన్నేరు సాధారణంగా 2 నుంచి 4 మీటర్ల ఎత్తు పెరిగే సతతహరిత పొద. అనుకూల పరిస్థితుల్లో 6 మీటర్ల వరకు చేరుతుంది. మొదలు నుంచే అనేక కొమ్మలు నిటారుగా లేస్తాయి. ఆకులు పొడవుగా, సన్నగా, తోలువలె మందంగా ఉంటాయి. చాలావరకు కణుపుకు మూడేసి చొప్పున వస్తాయి. పువ్వులు కొమ్మల చివర గుత్తులుగా విచ్చుకుంటాయి. ఒంటిరేకు పువ్వుకు అయిదు రేకులు, మధ్యలో కుచ్చువంటి అంచు ఉంటాయి. ముద్దగన్నేరులో రేకులు పొరలు పొరలుగా వస్తాయి. కాయలు సన్నగా, పొడవుగా ఉండి, ఎండిన తరువాత పగిలి, నూగు గల గింజలను గాలిలోకి వదులుతాయి.

ఆకు నిర్మాణమే దీని ఓర్పుకు కారణం. నీటి ఆవిరి బయటకు పోయే పత్రరంధ్రాలు ఆకు అడుగుభాగంలో చిన్న గుంటల లోపల ఉంటాయి. ఆ గుంటలను సన్నని నూగు కప్పి ఉంచుతుంది. పైభాగంలో మైనపు పొర ఉంటుంది. వడగాలిలో కూడా నీరు త్వరగా ఆవిరి కాకుండా ఈ ఏర్పాటు కాపాడుతుంది.

జపాన్‌లోని హిరోషిమా నగరం 1945 నాటి అణుదాడి తరువాత శిథిలాల మధ్య ముందుగా పూసిన మొక్కగా గన్నేరును గుర్తుంచుకుంది. 1973లో దానిని నగర అధికారిక పుష్పంగా ప్రకటించింది. మన దేశంలో రహదారుల మధ్య విభాజకాలపై దీనిని నాటడానికి కారణం కూడా ఈ ఓర్పే. ఎదురుగా వచ్చే వాహనాల హెడ్‌లైట్ల వెలుగును దట్టమైన పొద అడ్డుకుంటుంది. చేదు వల్ల పశువులు పచ్చి ఆకును సాధారణంగా ముట్టవు కనుక కంచె అవసరం కూడా తక్కువ.

ఎక్కడ నాటాలి

గన్నేరు విషయంలో అన్నింటికంటే ముఖ్యమైన నిర్ణయం స్థలం ఎంపిక. రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ తగిలే చోటు దీనికి కావాలి. నీడలో నాటితే కొమ్మలు సన్నబడి సాగుతాయి, పూలు తగ్గుతాయి. నీరు నిలవని ఏ నేలైనా సరిపోతుంది. ఎర్రనేలలు, ఇసుక కలిసిన నేలలు శ్రేష్ఠం. కొద్దిపాటి ఉప్పుదనాన్ని, సున్నపు నేలలను కూడా తట్టుకుంటుంది. అందుచేత కోస్తా ప్రాంతాలకు ఇది అనువైన పొద.

మొక్కకు అనువైన చోటు కుటుంబానికి కూడా అనువైనదిగా ఉండాలి. పసిపిల్లలు ఆడుకునే చోట, బడి ఆవరణలో, అంగన్‌వాడీ కేంద్రాల వద్ద నాటకూడదు. పశువుల కొట్టం, గడ్డివాము, నీళ్ల తొట్టి, బావి సమీపంలో నాటకూడదు. రాలిన ఆకులు గాలికి ఎగిరి మేతలోనో, నీటిలోనో పడే ప్రమాదం ఉంది. కూరగాయల మళ్ల పక్కన, ముఖ్యంగా ఆకుకూరల పక్కన నాటడం కూడా తగదు. కోసేటప్పుడు గన్నేరు ఆకు ఆకుకూర కట్టలో కలిసిపోవచ్చు. కుక్కలు, పిల్లులు ఉన్న ఇళ్లలో కుండీలను వాటికి అందనంత ఎడంగా ఉంచాలి.

పసిపిల్లలున్న ఇంట్లో ఇప్పటికే పెద్ద గన్నేరు పొద ఉంటే, పిల్లలు ఎదిగే వరకు దాని చుట్టూ కంచె కట్టడం కనీస జాగ్రత్త. అది వీలుకాకపోతే తొలగించి, ఆ చోట మందారం, నూరువరహాలు వంటి పూలపొదలను నాటుకోవచ్చు.

నాటే విధానం

గింజల ద్వారా వచ్చిన మొక్కలు తల్లి మొక్క రంగును పోలి ఉండకపోవచ్చు. అందువల్ల కొమ్మల ద్వారానే ప్రవర్ధనం చేయడం ఆనవాయితీ. పెన్సిల్ మందం గల, ముదిరిన కొమ్మను 15 నుంచి 20 సెంటీమీటర్ల పొడవున కణుపు కింద కత్తిరించాలి. అడుగు ఆకులను తీసివేసి, ఇసుక, మట్టి సమపాళ్లలో కలిపిన మిశ్రమంలో సగం వరకు గుచ్చాలి. తేమ ఆరకుండా నీడలో ఉంచితే సుమారు నాలుగు నుంచి ఆరు వారాల్లో వేళ్లు వస్తాయి. నేలకు వంగే కొమ్మను మట్టిలో పాతి, వేళ్లు పుట్టిన తరువాత వేరు చేసే నేల అంటు పద్ధతి కూడా సఫలమవుతుంది.

కొందరు కొమ్మను సీసాలోని నీటిలో ఉంచి వేళ్లు రప్పిస్తారు. ఆ నీటిలోకి విషం దిగుతుంది. తాగునీటి సీసాలను ఇందుకు ఎట్టి పరిస్థితుల్లోనూ వాడరాదు. పూలగుత్తిని అమర్చిన పాత్రలోని నీటికీ ఇదే నియమం వర్తిస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో తొలకరి తరువాత, జూన్, జూలై నెలలు నాటడానికి అనుకూలం. 30 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతుతో గొయ్యి తీసి, పైమట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపాలి. విడి పొదలుగా పెంచాలంటే మొక్కకు మొక్కకు 2 మీటర్లు, దట్టమైన కంచెగా కావాలంటే 1 మీటరు నుంచి 1.5 మీటర్ల దూరం పాటించాలి. గట్టిగా మంచు పడే కొండ ప్రాంతాల్లో దీనిని పెద్ద కుండీలో పెంచి, చలికాలంలో చావడిలోకి మార్చడం మేలు.

నీరు, ఎరువు

నాటిన తొలి ఏడాది వారానికి రెండు మూడు సార్లు నీరు పెట్టాలి. వేళ్లు లోతుకు దిగిన తరువాత వేసవిలో వారానికి లేదా పది రోజులకు ఒకసారి నిండుగా తడిపితే చాలు. కుండీలో ఉన్న మొక్కకు మాత్రం పైమట్టి ఆరినప్పుడల్లా నీరు కావాలి. కింది ఆకులు పసుపు రంగుకు మారి రాలుతుంటే నీరు తక్కువైందని భావించి మరింత పోయడం సాధారణంగా జరిగే పొరపాటు. ముందు వేలితో మట్టిని పరీక్షించాలి. తడిగా ఉంటే వేరుకుళ్లుకు అవకాశం ఉన్నట్టే. వెంటనే నీరు తగ్గించి, నీరు బయటకు పోయే దారి కల్పించాలి.

ఏడాదికి రెండుసార్లు, వర్షాకాలానికి ముందు ఒకసారి, కత్తిరింపు తరువాత ఒకసారి చివికిన పశువుల ఎరువు వేస్తే సరిపోతుంది. నత్రజని ఎరువులు మితిమీరితే ఆకులు గుబురుగా వచ్చి పూలు తగ్గుతాయి. లేత చిగుళ్లు అధికంగా వచ్చి పేనుబంకను ఆకర్షిస్తాయి.

కత్తిరింపు

గన్నేరు కొత్త రెమ్మల చివరనే పూస్తుంది. కత్తిరించిన ప్రతి కొమ్మ నుంచి రెండు మూడు కొత్త రెమ్మలు వస్తాయి కనుక, సకాలంలో కత్తిరిస్తే పూలు పెరుగుతాయి. పూత తగ్గిన తరువాత, మన ప్రాంతంలో డిసెంబరు, జనవరి నెలల్లో, కొమ్మలను మూడో వంతు మేరకు తగ్గించవచ్చు. ఎండిన కొమ్మలను మొదలంటా తీసివేయాలి. ముదిరి గుబురు చెదిరిన పొదను నేల నుంచి రెండు అడుగుల ఎత్తులో నరికినా మళ్లీ చిగురిస్తుంది. నేలను తన్నుకుని మొదట్లో లేచే పిలకలను పెరికివేస్తే పొద చక్కని ఆకృతిలో నిలుస్తుంది.

కత్తిరించే సమయంలో చేతితొడుగులు, నిండు చేతుల చొక్కా ధరించాలి. రసం చర్మానికి తగిలితే కొందరికి దురద, మంట కలుగుతాయి. కళ్లకు తగిలితే వెంటనే ధారాళంగా నీటితో కడగాలి. పని ముగిసిన తరువాత కత్తెరను, చేతులను సబ్బుతో శుభ్రపరచాలి. పని మధ్యలో తినడం, తాగడం, బీడీ సిగరెట్లు ముట్టడం తగదు.

కత్తిరించిన కొమ్మలను ఏం చేయాలన్నది మరింత కీలకం. వాటిని కాల్చకూడదు, ఆ పొగ కూడా హానికరం. వంటచెరకుగా, పొయ్యి మీద గరిటెగా, మాంసం కాల్చే పుల్లగా, పళ్లు తోమే పుల్లగా వాడకూడదు. రోడ్డు పక్కన, చెత్తకుప్పల మీద పడవేయకూడదు. పచ్చి ఆకు చేదు వల్ల పశువులు తప్పించుకుంటాయి, కానీ ఎండిన ఆకును ఇతర మేతతో కలిపి తినేస్తాయి. ఎండినా, ఉడికించినా ఈ విషం నశించదు. పశువులు, పిల్లలు వెళ్లని చోట లోతుగా గొయ్యి తీసి పూడ్చడం సురక్షితమైన మార్గం.

చీడపీడలు

గన్నేరును ఎక్కువగా పట్టేది పసుపు రంగు పేనుబంక. లేత చిగుళ్ల మీద, మొగ్గల మీద గుంపులుగా చేరి రసం పీలుస్తుంది. మొక్కలోని విషాన్ని ఇది తన శరీరంలో నిల్వ చేసుకుని, తనను తినవచ్చే కీటకాల నుంచి రక్షణ పొందుతుంది. పీచుగొట్టంతో నీటిని బలంగా చిమ్మితే చాలావరకు రాలిపోతుంది. ఉధృతి ఎక్కువైతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం వేళ పిచికారీ చేయాలి. పిండినల్లి, పొలుసు పురుగులకు కూడా ఇదే ఉపాయం. బాగా పట్టిన కొమ్మలను కత్తిరించి తొలగించాలి.

ఆకులను తినే గొంగళి పురుగులు రెండు రకాలు కనిపిస్తాయి. ముందు భాగంలో నీలి కళ్లవంటి మచ్చలు, తోకపై కొమ్ము గల పెద్ద పచ్చని పురుగు గన్నేరు చిమ్మటది. చారలతో, నల్లని మెత్తటి కొమ్ములతో ఉండేది గోధుమ రంగు సీతాకోకచిలుకది. దాని గూడు వెండిలా మెరుస్తూ ఆకు అడుగున వేలాడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పొద ఆకులను త్వరగా తిరిగి పెంచుకుంటుంది కనుక వీటికి రసాయన మందులు అవసరం రావు.

విషం పనిచేసే తీరు

గన్నేరులోని ప్రధాన విషం ఓలియాండ్రిన్. గుండె కండర కణాల్లో సోడియం, పొటాషియం లవణాలను అటూ ఇటూ చేరవేసే ఏర్పాటును ఇది అడ్డుకుంటుంది. ఫలితంగా గుండె లయ తప్పుతుంది, రక్తంలో పొటాషియం పెరుగుతుంది. గుండె జబ్బుల్లో వైద్యులు వాడే డిజాక్సిన్ మందు కూడా ఈ కోవకు చెందినదే. ఎంతవరకు తింటే ప్రమాదం లేదో చెప్పగల సురక్షిత పరిమాణం గన్నేరుకు లేదు. మొక్కను బట్టి, తిన్నవారి వయసును, ఆరోగ్యాన్ని బట్టి ప్రభావం మారుతుంది.

ఆయుర్వేదం కరవీరాన్ని ఉపవిషాల్లో చేర్చింది. ఔషధ, సౌందర్య సాధనాల నిబంధనల్లోని ఇ-1 షెడ్యూలులో, అంటే వైద్య పర్యవేక్షణలోనే వాడవలసిన విషద్రవ్యాల జాబితాలో, కరవీరం పేరు ఉంది. కనుక ఆకు రసం, వేరు గంధం వంటి ఇంటి వైద్యాలకు దీనిని వాడటం ప్రాణాపాయం.

పచ్చగన్నేరు విషం ఉత్తర శ్రీలంకలో 1980ల నుంచి తీవ్రమైన ప్రజారోగ్య సమస్యగా మారింది. డిజాక్సిన్ విషానికి విరుగుడుగా రూపొందించిన ప్రతిదేహ ఔషధం దీనిపై కూడా పనిచేస్తుందని శ్రీలంకలో జరిగిన పరిశోధన నిరూపించింది. ఆ ఫలితాలు 2000లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడ్డాయి. ఈ ఔషధం చాలా ఖరీదైనది. పచ్చగన్నేరు కాయలు పిల్లలను ఆకర్షిస్తాయి. పెరట్లో ఆ చెట్టు ఉంటే రాలిన కాయలను ఎప్పటికప్పుడు ఏరివేయడం అవసరం.

పూజలో గన్నేరు

శివపూజలో గన్నేరు పూలకు చిరకాలంగా స్థానం ఉంది. తమిళనాడులోని సేలం ప్రాంత రైతులు అరళిని వాణిజ్య పంటగా పండించి పూలమాలలకు సరఫరా చేస్తున్నారు. 2024 మే నెలలో కేరళలోని తిరువాంకూర్ దేవస్వం బోర్డు, మలబార్ దేవస్వం బోర్డు తమ ఆలయాల్లో నైవేద్యంలోనూ, ప్రసాదంలోనూ అరళి వాడకాన్ని నిలిపివేశాయి. గన్నేరు ఆకును, పువ్వును నమలడమే ఒక యువతి మరణానికి కారణమన్న అనుమానం తలెత్తిన దరిమిలా ఆ నిర్ణయం వెలువడింది. ప్రసాదంతో పాటు చేతికి వచ్చిన పువ్వును భక్తులు తినే అవకాశం ఉందన్నది అందులోని ఆందోళన.

ఇళ్లలోనూ ఇదే విచక్షణ పాటించవచ్చు. గన్నేరు పూలతో అర్చన చేసినా, వాటిని తీర్థంలో, పంచామృతంలో, నైవేద్యపు పళ్లెంలో వేయకూడదు. తులసి, మారేడు దళాలతో కలిపి ఒకే బుట్టలో కోయకూడదు. పూలు కోసిన తరువాత చేతులు కడుక్కుని మాత్రమే ప్రసాదం పంచాలి. పూజ ముగిసిన తరువాత నిర్మాల్యాన్ని ఆవులకు వేసే అలవాటు అనేక ఇళ్లలో ఉంది. అందులో గన్నేరు ఉంటే పశువు ప్రాణానికే ముప్పు.

ప్రమాదం జరిగితే

గన్నేరు తిన్న వ్యక్తికి వికారం, వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు, తల తిరగడం, చూపు మసకబారడం వంటి లక్షణాలు కనిపించవచ్చు. నాడి నెమ్మదించడం లేదా లయ తప్పడం ప్రమాద సూచన. లక్షణాలు బయటపడటానికి కొన్ని గంటలు పట్టవచ్చు కనుక, బాగానే ఉన్నారని ఇంట్లో వేచి చూడకూడదు.

నోటిలో మిగిలిన ముక్కలను తీసివేసి, నోరు పుక్కిలింపజేయాలి. ఉప్పునీటితో వాంతి చేయించడం, పాలు, మజ్జిగ, చింతపండు రసం తాగించడం వంటివి చేయరాదు. 108 లేదా 112 నంబరుకు ఫోన్ చేసి, గుండె పరీక్షల సదుపాయం ఉన్న ఆసుపత్రికి తరలించాలి. తిన్న మొక్క కొమ్మను సంచిలో వేసి వెంట తీసుకువెళితే వైద్యులకు గుర్తించడం సులభమవుతుంది. ఏ భాగం, ఏ సమయంలో తిన్నదీ చెప్పాలి. ఆసుపత్రిలో గుండె లయను గంటల తరబడి గమనిస్తూ, రక్తంలో పొటాషియంను పరీక్షిస్తూ చికిత్స చేస్తారు. న్యూఢిల్లీలోని ఎయిమ్స్‌లో ఉన్న జాతీయ విష సమాచార కేంద్రం వైద్యులకు, ప్రజలకు సలహా ఇస్తుంది. పశువులు తిన్నట్టు అనుమానం వస్తే సంచార పశువైద్య సేవల నంబరు 1962కు సమాచారం ఇవ్వాలి. మిగిలిన మేతను వెంటనే తొలగించాలి.

ఎవరికి తగిన మొక్క

నీటి వసతి తక్కువగా ఉండి, పెద్దవారు మాత్రమే మసలే ఆవరణలకు, రహదారి విభాజకాలకు, సముద్రతీర ప్రాంతాలకు గన్నేరు సరైన ఎంపిక. పసిపిల్లలు, పాడిపశువులు, పెంపుడు జంతువులు తిరిగే చోటికి ఇది తగదు. నర్సరీలో మొక్క కొనేటప్పుడే ఈ సంగతిని ఇంటిల్లిపాదికీ, పనిలో సహాయపడే తోటమాలికీ తెలియజేయాలి. ఇల్లు మారినా, అమ్మినా, అద్దెకిచ్చినా పెరట్లో ఉన్నది గన్నేరు అని కొత్తగా వచ్చేవారికి చెప్పడం పాత యజమాని బాధ్యత. పొద దశాబ్దాల పాటు బతుకుతుంది, దాని గురించిన హెచ్చరిక కూడా అన్నేళ్లూ దాని వెంట సాగాలి.